గీత ఒక్క మీటరు జరిగితే...

ఉప్పల్, నాచారం రోడ్ల మీద తిరిగేవాళ్లు ఈ దృశ్యం ఎప్పుడో ఒకసారి చూసే ఉంటారు. రోడ్డు పక్కన మూడుకాళ్ల స్టాండు, దాని మీద దుర్భిణి లాంటి పరికరం, వెనక ఒక కన్ను మూసి చూస్తున్న కుర్రాడు. అవతలి పక్క మెరుపు జాకెట్టు వేసుకుని, పొడవాటి కర్ర నిటారుగా పట్టుకుని ఇంకో కుర్రాడు. పది నిమిషాలు గడిచేసరికి వాళ్ల చుట్టూ నలుగురు చేరతారు. అడిగే ప్రశ్నలు కూడా ఎప్పుడూ అవే. 'రోడ్డు పెద్దగ చేస్తున్నరా?' 'మా షాపు పోతదా?' 'పైసలెంత ఇస్తరు?'

ఆ కుర్రాళ్ల దగ్గర వీటికి జవాబుండదు. రోడ్డు ఎక్కడ వేయాలో, ఎవరికి ఎంత ఇవ్వాలో తేల్చేది వాళ్లు కాదు. ఉన్నది ఉన్నట్టు కొలుచుకు పోవడం వరకే వాళ్ల పని. కానీ తేల్చేవాళ్ల టేబుల్ మీదికి చేరే మ్యాపు మాత్రం వాళ్ల కొలతల నుంచే పుడుతుంది. అందుకే ఆ ప్రశ్నలు తప్పు మనుషుల్ని అడిగినట్టు కనిపించినా, నిజానికి సరైన చోటే అడుగుతున్నారు.

కంపెనీని బట్టి వీళ్ల హోదా మారుతుంది. ఒకచోట సర్వే టెక్నీషియన్, ఇంకోచోట జీఐఎస్ టెక్నీషియన్, ఇప్పుడు కొత్తగా జియోస్పేషియల్ మ్యాపింగ్ టెక్నీషియన్. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. వీళ్లు తెచ్చే కొలతల్లో తేడాలుంటే పట్టుకునే ప్రోగ్రాములు రాయడం నా పని. ఏసీ గదిలో కూర్చుని వాళ్ల డేటా చూసేవాడిగా ఒక మాట మొదటే చెప్పేస్తాను. ఫ్లైఓవరైనా, పైపులైనైనా, చెరువు హద్దైనా మొదటి నిజం చెప్పేది వీళ్లే. అక్కడ నిజం తప్పితే ఆ తర్వాత ఎంత పెద్ద ఇంజనీరు, ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ వచ్చినా తప్పునే అందంగా కట్టి ఇస్తారు.

ఒక చిన్న లెక్క చూడండి. రోడ్డు వైపు ముప్పై అడుగుల ముఖం ఉన్న ప్లాటు ఒకటుంది. మ్యాపులో రోడ్డు గీత ఒక్క మీటరు లోపలికి జరిగింది. పోయేది దాదాపు 11 గజాలు. గజం లెక్కన బేరాలాడే ఉప్పల్‌లో 11 గజాలంటే ఒక కుటుంబం ఎన్నేళ్ల పొదుపో మీకు నేను చెప్పనక్కర్లేదు.

కొలతల పేట మన ఉప్పల్

ఉప్పల్ అంటే క్రికెట్ స్టేడియం, మెట్రో, ట్రాఫిక్ జామ్ గుర్తొస్తాయి. కానీ భూమిని కొలిచే విద్యకు కూడా ఇది పెద్ద అడ్డా. సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఉన్నది ఇక్కడే. సర్వే ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ అని పాతవాళ్లకు తెలుసు. ఇప్పుడు దాన్ని ఎన్‌ఐజీఎస్‌టీ అంటున్నారు. 1767లో పుట్టిన సర్వే ఆఫ్ ఇండియాకు దేశం నలుమూలల నుంచి సర్వేయర్లు ఇక్కడికొచ్చి చదువుకుని వెళ్తారు.

ఇంకొంచెం ముందుకెళితే ఎన్‌జీఆర్‌ఐ. 1961లో మొదలైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ. మెట్రో స్టేషన్‌కు ఆ పేరే ఉంది కాబట్టి రోజూ వింటాం. ఆ ఆవరణలో ఉపగ్రహ సంకేతాలను రాత్రీ పగలూ వినే ఒక రిసీవర్ ఉంది. ప్రపంచవ్యాప్త జీపీఎస్ స్టేషన్ల జాబితాలో దాని పేరు 'హైడ్'. ఇలాంటి స్టేషన్ల వల్ల తెలిసిన సంగతి ఏంటంటే, మన కాళ్ల కింద భూమి ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యం వైపు జరుగుతూనే ఉంది. పాతికేళ్లలో మీటరు దాటుతుంది. ఇల్లూ, పక్కిల్లూ, రోడ్డూ అన్నీ కలిసే జరుగుతాయి కాబట్టి గోడల గొడవలేమీ రావు. కానీ పాతికేళ్ల కిందటి ఉపగ్రహ కొలతనీ, నిన్నటి కొలతనీ పక్కపక్కన పెట్టే టెక్నీషియన్ మాత్రం అది ఏ సంవత్సరం లెక్కో రాసుకుని తీరాలి.

హైదరాబాద్‌కు ఈ విద్యతో రెండు శతాబ్దాల బంధం ఉంది. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వే దక్షిణం నుంచి ఉత్తరానికి పాకుతూ మన నేలమీదుగానే సాగింది. తర్వాత ప్రపంచంలోనే ఎత్తైన శిఖరానికి ఎవరి పేరు పెట్టారో ఆ జార్జ్ ఎవరెస్ట్, లాంబ్టన్ దగ్గర సహాయకుడిగా చేరింది హైదరాబాద్‌లోనే. అర టన్ను బరువున్న థియోడలైట్‌ని మోసుకుంటూ తిరిగిన సర్వే అది. 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో ఎవరెస్ట్ బృందం జ్వరాల పాలైంది. పుస్తకాల్లో లాంబ్టన్ పేరుంది, ఎవరెస్ట్ పేరుంది. ఆ థియోడలైట్‌ని మోసిన మన కూలీల పేర్లు లేవు. ఈ పని తీరు అప్పటికీ ఇప్పటికీ ఆ ఒక్క విషయంలో పెద్దగా మారలేదు.

ఎండలో సగం, తెర ముందు సగం

అసలు వీళ్ల పనేంటి? రెండు భాగాలనుకోండి.

మొదటిది ఫీల్డు. ముందుగా ఆ ప్రాంతంలో కొన్ని స్థిరమైన పాయింట్లు పెట్టుకుంటారు. కాంక్రీటులో ఒక మేకు, దాని చుట్టూ పెయింటు. వాటి స్థానాన్ని డీజీపీఎస్ పరికరంతో తేలుస్తారు. మన ఫోన్‌లో జీపీఎస్ ఆరుబయట కూడా నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. క్యాబ్ పిలవడానికి అది చాలు. పిల్లర్ వేయడానికి చాలదు. డీజీపీఎస్‌లో ఆ తేడా రెండు మూడు సెంటీమీటర్లకు తగ్గుతుంది.

అయితే దానికి ఆకాశం కనిపించాలి. ఉప్పల్ మెట్రో లైను కింద నిలబడి చూడండి, నెత్తిన వంతెన తప్ప ఆకాశం ఎక్కడుంది? ఉపగ్రహ సంకేతం కాంక్రీటుకు, అద్దాల భవనాలకు తగిలి తిరిగి వస్తుంది. పరికరం ఏదో ఒక అంకె చూపిస్తుంది, కానీ నమ్మడానికి లేదు. అలాంటి చోట టోటల్ స్టేషన్ దించాలి. ఆకాశం బాగా కనిపించే చోట పాయింటు పెట్టుకుని, అక్కడి నుంచి ప్రిజం కర్ర మీదికి కిరణం పంపి, దూరం, కోణం కొలుచుకుంటూ వంతెన కిందికి రావాలి. ఎక్కడ అంకెను నమ్మాలో, ఎక్కడ నమ్మకూడదో తెలియడమే ఈ పనిలో అసలు చదువు.

ఎత్తుల కొలతకు ఇంకో ఇబ్బంది. ఏప్రిల్, మే నెలల్లో పదింటికే తారు రోడ్డు మీద గాలి సెగలా కదులుతుంది. దూరాన ఉన్న స్టాఫ్ మీద అంకెలు నీళ్లలో చూసినట్టు ఊగుతాయి. అందుకే లెవెల్స్ తెల్లవారకముందే మొదలుపెడతారు. ట్రాఫిక్ ఎక్కువున్న కూడళ్లలో ఏకంగా రాత్రి పనే.

రెండోది ఆఫీసు. డ్రోన్ ఫొటోల మీద ఒక్కో ఇల్లు, కరెంటు స్తంభం, మ్యాన్‌హోల్, చెట్టు, కాంపౌండు గోడ గుర్తించి గీయాలి. ప్రతి గీతకూ వివరాలు రాయాలి. పైపు అయితే ఎంత మందం, దేనితో చేసింది, ఎంత లోతు, ఎవరు చెప్పారు. రెండు గీతలు కలవాల్సిన చోట వెంట్రుకవాసి ఖాళీ ఉన్నా కంప్యూటర్‌కి అవి వేర్వేరు పైపులే. ఎనిమిది గంటలు మౌస్ పట్టుకుని ఇదే పని. హైదరాబాద్‌లో ఈ పని కొత్తది కాదు. ఇప్పుడు సైయంట్‌గా పిలిచే ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ 1991లో ఇక్కడ మొదలై, కాగితం మ్యాపుల్ని కంప్యూటర్లోకి ఎక్కించే పనితోనే ఎదిగింది. ఎక్కడో విదేశాల్లోని కరెంటు తీగలు, గ్యాసు పైపులు మన కుర్రాళ్ల తెరల మీద గీతలుగా మారాయి. మన సొంత వీధుల పైపులకు ఆ భాగ్యం ఆలస్యంగా పట్టింది.

మూడు గోతులు

ఈ రంగంలోకి వచ్చే ప్రతి ఒక్కరికీ సీనియర్లు మూడు గోతుల గురించి చెబుతారు. బయటివాళ్లకు కూడా ఇవి తెలిస్తే మంచిదే.

మొదటిది, పాత మ్యాపుల లెక్క. భూమి ఆకారానికి ఎవరెస్ట్ 1830లో ఇచ్చిన కొలతల మీదే మన పాత టోపో షీట్లన్నీ తయారయ్యాయి. ఇప్పటి జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే మరో లెక్క. 2005 జాతీయ మ్యాప్ విధానం తర్వాత ప్రజలకిచ్చే మ్యాపులు ఈ కొత్త లెక్కలోకి వచ్చాయి. పాత మ్యాపులోని అక్షాంశ రేఖాంశాలను మార్చకుండా నేరుగా కొత్త మ్యాపు మీద వేస్తే మన ప్రాంతంలో స్థానం వంద మీటర్లకు పైగా జరిగిపోతుంది. అంటే ఈ వీధిలో ఉన్న గుడి పక్క కాలనీలో తేలుతుంది.

రెండోది, జోన్ల గొడవ. మీటర్లలో కొలవడానికి భూగోళాన్ని ఆరేసి డిగ్రీల జోన్లుగా కోస్తారు. 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర 43వ జోన్ అయిపోయి 44వది మొదలవుతుంది. ఉప్పల్, నాచారం, హైదరాబాద్ మొత్తం 44లోనే ఉన్నాయి. కానీ ముంబై హైవే మీద సంగారెడ్డి దాటి సదాశివపేట చేరేలోపు గీత దాటిపోతాం. జహీరాబాద్ 43లోకి వస్తుంది. హైదరాబాద్ నుంచి జహీరాబాద్ దాకా ఒకే పైపులైన్ వేస్తే దాని మ్యాపు రెండు జోన్లలో పడుతుంది. ఎవరైనా గమనించకుండా ఒకే జోన్ అనుకుని కలిపేస్తే, పైపు రెండో సగం మ్యాపులో వందల కిలోమీటర్ల అవతల తేలుతుంది. అంత పెద్ద తప్పు అందరికీ కనిపిస్తుంది కాబట్టి దొరికిపోతుంది. భయపెట్టేవి చిన్న తప్పులే.

మూడోది, ఎత్తు. జీపీఎస్ చూపించే ఎత్తు సముద్రమట్టం నుంచి కాదు, లెక్కల్లో ఊహించిన ఒక నున్నటి భూమి నుంచి. హైదరాబాద్‌లో ఈ రెంటికీ తేడా డెబ్బై మీటర్లకు పైనే. ఎన్‌జీఆర్‌ఐలోని ఆ స్టేషన్ ఎత్తు జీపీఎస్ లెక్కలో 440 మీటర్ల చిల్లర. సముద్రమట్టం నుంచి చూస్తే 500 దాటుతుంది. మురుగు కాలువ వాలు సెంటీమీటర్లలో ఉంటుంది. ఏ ఎత్తు దేన్నుంచి కొలిచారో రాయకపోతే నీళ్లు ఎటు పోతాయో చెప్పడం దేవుడి తరం కూడా కాదు.

కనిపించని హైదరాబాద్

ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఎలివేటెడ్ కారిడార్‌కు 2018లో శంకుస్థాపన జరిగింది. ఆ రోడ్డు మీద రోజూ వెళ్లేవాళ్లు ఏళ్ల తరబడి ఒంటరి స్తంభాలను చూస్తూ, గుంతలు లెక్కపెడుతూ ప్రయాణం చేశారు. ఆలస్యానికి కారణాలు చాలానే విన్నాం. వాటిలో భూసేకరణ, కింద ఉన్న లైన్లను పక్కకు జరపడం అనే రెండు మాటలు మళ్లీ మళ్లీ వినిపించాయి. ఆ ఒక్క రోడ్డనే కాదు, దేశంలో ఏ పాత రోడ్డు మీద వంతెన కట్టినా ఈ రెండే పీటముడులు. రెండూ మ్యాపుతో మొదలయ్యేవే.

మన రోడ్డు కింద ఏముందో ఒకసారి ఊహించండి. మంచినీళ్ల పైపు, దాని పక్కన మురుగు లైను, 11 కేవీ కేబుల్, నాలుగైదు కంపెనీల ఇంటర్నెట్ తీగలు, కొత్తగా గ్యాసు పైపు. ఎవరికి వారు తవ్వి, ఎవరికి వారు పూడ్చినవి. ఒకరి మ్యాపు ఇంకొకరి దగ్గర ఉండదు. జేసీబీ పంజా దిగేదాకా అక్కడ పైపుందని తెలియని సందర్భాలు ఎన్నో. నీళ్లు ఫౌంటెన్‌లా ఎగజిమ్మాక వీధంతా రెండు రోజులు ట్యాంకర్ కోసం ఎదురుచూపు.

ఇలా అడ్డదిడ్డంగా తవ్వడం వల్ల దేశానికి ఏటా దాదాపు రూ.3,000 కోట్ల నష్టమని కేంద్ర ప్రభుత్వమే చెప్పింది. అందుకే 2023 మార్చిలో 'కాల్ బిఫోర్ యూ డిగ్' యాప్ తెచ్చారు. తవ్వే ముందు అడగండి అని దాని అర్థం. ఆలోచన బాగుంది. కానీ అడిగితే చెప్పడానికి అవతల మ్యాపుండాలి కదా!

ఆ మ్యాపు తయారీ అంత తేలిక కాదు. ఇనుప పైపు అయితే లొకేటర్‌తో సంకేతం పంపి పట్టుకోవచ్చు. ప్లాస్టిక్ పైపు ఆ సంకేతానికి పలకదు. దానికి నేలలోకి తరంగాలు పంపే రాడార్‌ని చిన్న బండిలా తోసుకుంటూ పోవాలి. తడిసిన నల్లరేగడిలో ఆ తరంగాలు కొంచెం లోతుకే చచ్చిపోతాయి. అప్పుడిక మిగిలేది మనుషులే. 'ఇరవై ఏళ్ల కింద ఇక్కడ వాల్వు ఉండె సార్' అని చెప్పే పాత లైన్‌మన్, టీ కొట్టు పెద్దాయన. మంచి టెక్నీషియన్ ఆ మాటను కూడా రాసుకుంటాడు. అయితే యంత్రం చెప్పిందా, మనిషి చెప్పాడా అన్నది వేరుగా రాస్తాడు. నిజాయితీ అంటే ఇక్కడ అదే.

మ్యాపు నమ్మి ప్రాణాలు పోయిన సంఘటన 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర జరిగింది. దారి చూపే యాప్‌ని నమ్మి వెళ్లిన కారు, వరదకు సగం కొట్టుకుపోయిన వంతెన మీది నుంచి నదిలో పడింది. ముగ్గురు చనిపోయారు. వంతెన కొట్టుకుపోయిన సంగతి నేల మీద అందరికీ తెలుసు, మ్యాపుకే తెలియదు. ఒకసారి గీసేస్తే పని అయిపోదని, వెళ్లి చూసి రావాల్సిన మనిషి ఎప్పటికీ ఉండాలని ఆ ప్రమాదం చెప్పింది.

చెరువు ఎక్కడిదాకా?

మన పక్కనే ఉన్న మరో సంగతి చెరువులు. 2024 జులైలో హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్, బఫర్ అనే మాటలు ఇంటింటి మాటలయ్యాయి. పునరుద్ధరణకు తీసుకున్న చెరువుల్లో ఉప్పల్ నల్లచెరువు కూడా ఉంది. చెరువు నిండి అలుగు పారే మట్టానికి నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీతే ఎఫ్‌టీఎల్. 2012 నాటి నిబంధనల ప్రకారం పది హెక్టార్లు దాటిన చెరువుకు ఆ గీత నుంచి 30 మీటర్లు, చిన్న కుంటలకు 9 మీటర్లు బఫర్.

ఇప్పుడు లెక్క చూడండి. చెరువు ఒడ్డు చాలా సన్నటి వాలు. 200 మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎత్తు పెరుగుతుందనుకుందాం. అలుగు మట్టం కొలతలో 30 సెంటీమీటర్లు తేడా వస్తే, నేల మీద గీత 60 మీటర్లు జరుగుతుంది. మొత్తం బఫర్ కన్నా రెండింతలు! ఒక జానెడు పొరపాటు ఒక వీధిని చెరువులో కలిపేయగలదు, లేదా చెరువునే ఒక వీధికి అప్పగించేయగలదు. అప్పు చేసి ఇల్లు కట్టుకున్నవాడికీ, వానొస్తే మునిగే దిగువ కాలనీ వాడికీ ఇద్దరికీ న్యాయం ఆ కొలతలోనే ఉంది. చెరువుల విషయంలో మన వాదనలన్నీ టీవీల్లో జరుగుతాయి. అలుగు రాయి మీద స్టాఫ్ నిలబెట్టిన కుర్రాడిని ఎవరూ పిలిచి అడగరు.

ఏఐ వస్తే వీళ్లెందుకు?

మా సాఫ్ట్‌వేర్ వాళ్లను అందరూ అడిగే ప్రశ్న ఇది. నిజమే, గూగుల్, మైక్రోసాఫ్ట్ ఇప్పటికే ఉపగ్రహ చిత్రాల నుంచి మన దేశంలోని భవనాల గీతల్ని ఆటోమేటిక్‌గా తీసి అందరికీ ఉచితంగా పెట్టాయి. కొత్త లేఅవుట్లలో, విడివిడిగా ఉన్న ఇళ్లకు అవి బాగా పనికొస్తాయి. అదే గోడకు గోడ ఆనించి కట్టుకున్న పాత బస్తీల్లో మూడిళ్లు కలిపి ఒకటిగా చూపిస్తాయి. చెట్టు కింద రేకుల షెడ్డు కనిపించదు. రేకుల షెడ్డులో బతికేవాడికి పరిహారం రావాలంటే ముందు అతని షెడ్డు మ్యాపులో ఉండాలి.

అలాగని ఉద్యోగాలకు ఢోకా లేదని అబద్ధం చెప్పను. కేవలం ఫొటో చూసి గీత గీసే పని తగ్గుతోంది, ఇంకా తగ్గుతుంది. పెరిగేది గీత సరైనదా కాదా తేల్చే పని. ఆ పనికి ఫీల్డు తెలిసుండాలి. ఎండలో నిలబడ్డ అనుభవం ఉన్నవాడికి తెర మీద తప్పు ఇట్టే దొరుకుతుంది. నేను రాసే ప్రోగ్రాములు కలవని గీతల్ని, లేని వివరాల్ని పట్టుకుంటాయి. అక్కడ మ్యాన్‌హోల్ నిజంగా ఉందా అన్నది మాత్రం ఏ ప్రోగ్రామూ చెప్పలేదు.

జీతాల సంగతి కూడా చెప్పుకోవాలి. ఐటీఐ, డిప్లొమా చదివి వచ్చే చాలామందికి మొదటి జీతం ఐటీ ఫ్రెషర్ జీతం కన్నా బాగా తక్కువ. ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే ఉద్యోగం. ఫీల్డులో నీడ, మరుగుదొడ్డి, ప్రమాద బీమా లాంటివి కాంట్రాక్టరు దయ. అమ్మాయిలు ఆఫీసు పనిలో ఎక్కువగానే ఉన్నారు, ఫీల్డులో తక్కువ. వాళ్లకు ఆసక్తి లేక కాదు, రోడ్డు మీద సౌకర్యాలు లేక. కోట్ల ప్రాజెక్టుకు పునాదిగా నిలిచే కొలత, ఆ ప్రాజెక్టులో అందరికన్నా తక్కువ జీతగాడి చేతిలో ఉంది. కొలత బాగుండాలంటే ముందు బాగుండాల్సింది ఆ మనిషి.

ఈ దారిలో రావాలంటే

అవకాశాలు మాత్రం పెరిగాయి. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం మ్యాపింగ్ మీద ముందస్తు అనుమతుల బెడద తీసేసింది. 2022 డిసెంబరులో జాతీయ భూస్థానిక విధానం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలై డ్రోన్లు, ఉపగ్రహ స్టేషన్లు ఊళ్లలోకి వచ్చాయి. తెలంగాణలో భూభారతి చట్టంతో పాటు లైసెన్సుడ్ సర్వేయర్ల శిక్షణ వచ్చింది.

సివిల్ డిప్లొమా, ఐటీఐ సర్వేయర్ ట్రేడు, జాగ్రఫీ డిగ్రీ, ఏదున్నా మొదలుపెట్టొచ్చు. క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. మీ ఊరి నక్షా తీసుకుని, దాన్ని ఉపగ్రహ చిత్రం మీద సరిగ్గా కూర్చోబెట్టి చూడండి. చెరువు, బండ్లబాట, పాత బావి ఎక్కడున్నాయో గుర్తించండి. తర్వాత నడుచుకుంటూ వెళ్లి సరిచూసుకోండి. ఎక్కడ కుదరలేదో, ఎందుకు కుదరలేదో రాసుకోండి. ఇంటర్వ్యూలో పది సర్టిఫికెట్ల కన్నా ఆ కాగితం ఎక్కువ మాట్లాడుతుంది. కొంచెం పైథాన్ కూడా నేర్చుకుంటే మా వైపు తలుపు కూడా తెరుచుకుంటుంది.

ఇక ఈ ఉద్యోగంతో సంబంధం లేని మిగతా మనందరికీ ఒక మాట. మీ వీధిలోకి స్టాండు, కర్ర పట్టుకుని ఎవరైనా వస్తే అనుమానంగా చూడకండి. ఏ పని మీద వచ్చారో, ఏ శాఖ పంపిందో అడిగి తెలుసుకోండి, అది మీ హక్కు. తర్వాత మీకు తెలిసింది చెప్పండి. పాత పైపు ఎటు పోయిందో, వానొస్తే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో, మీ గోడ ఎప్పటిదో. వాళ్లు రోడ్డు మీద వేసిన మేకును, పెయింటు గుర్తును చెరపకండి. తర్వాత మ్యాపు బయటపెట్టినప్పుడు వెళ్లి చూడండి, తేడా ఉంటే గడువులోపే రాసివ్వండి. బుల్డోజర్ వచ్చాక మ్యాపు చూసి లాభం లేదు.

ఎండ ఎక్కువగా ఉంటే ఒక చెంబుడు మంచినీళ్లు కూడా ఇవ్వండి. మీ ఇంటి గీతను కొలుస్తున్న చెయ్యి అది, వణకకూడదు.